వెండెల్ స్కాట్ గెలిచిన పందెం

ఎడ్ల పందెం అందరికీ తెలుసు. పడవ పందెం కొందరికి తెలుసు. అమెరికా దేశంలో కార్ల పందెం ఉంది. వేలమంది జనం టిక్కెట్టు కొని చూస్తారు. గెలిచిన డ్రైవరుకు డబ్బు ఇస్తారు. కప్పు ఇస్తారు. ఫోటోలు తీస్తారు. మర్నాడు పేపర్లో పేరు వేస్తారు.

ఒక పందెంలో ఒకాయన అందరికంటే ముందు వచ్చాడు. రెండోవాడికంటే రెండు చుట్లు ముందున్నాడు. అయినా గెలిచింది ఆయన అని చెప్పలేదు. కప్పు రెండోవాడి చేతిలో పెట్టారు. ఫోటోలు కూడా రెండోవాడికే తీశారు.

ఎందుకు? మొదట వచ్చినాయన నల్లజాతివాడు. రెండోవాడు తెల్లవాడు.

ఆ నల్లజాతి డ్రైవరు పేరు వెండెల్ స్కాట్. ఇది కట్టుకథ కాదు. 1963లో నిజంగా జరిగింది.

డాన్‌విల్ ఊరు

వెండెల్ స్కాట్ 1921 ఆగస్టు 29న పుట్టాడు. ఊరి పేరు డాన్‌విల్. అది వర్జీనియా రాష్ట్రంలో ఉంది. ఆ పేరు ఎక్కడో విన్నట్టు ఉందా? మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో 'వర్జీనియా పొగాకు' అంటారు గదా, ఆ వర్జీనియా ఇదే. డాన్‌విల్‌లో పొగాకు గోడౌన్లు, నూలు మిల్లులు ఉండేవి. ఊళ్ళో చాలామందికి వాటిలోనే పని.

ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్ళకు అన్నీ వేరు. బడి వేరు. ఆసుపత్రిలో గది వేరు. తాగే నీళ్ళ కుళాయి వేరు. తెల్లవాళ్ళ హోటల్లో నల్లవాళ్ళకు తిండి పెట్టరు. పడుకోవడానికి గది ఇవ్వరు. ఇది ఊరి కట్టుబాటు మాత్రమే కాదు, చట్టంలోనే రాసి ఉండేది. మన ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు.

వెండెల్ తండ్రి తెల్లవాళ్ళ ఇళ్ళలో కార్లు తోలేవాడు. కారు చెడితే బాగు కూడా చేసేవాడు. చిన్న వెండెల్‌కు కూడా బండ్లంటే పిచ్చి. తెల్ల పిల్లలతో సైకిలు పందేలు వేసేవాడు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని ఊరి మిట్ట మీద నుంచి పల్లానికి జారేవాడు. అదీ రెండు కాళ్ళ మీద కాదు, ఒంటికాలి మీద!

హైస్కూలు చదువు మధ్యలోనే ఆగింది. మిల్లులో గానీ, పొగాకు గోడౌన్లో గానీ మేస్త్రీ కింద చేయడం వెండెల్‌కు ఇష్టం లేదు. అద్దె కారు తోలాడు. 1943లో మేరీ కోల్స్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. సైన్యంలో చేరి యూరప్ వెళ్ళాడు. దేశం కోసం ప్రాణం ఇవ్వడానికి వెళ్ళినా సైన్యంలోనూ నల్లవాళ్ళ దళాలు వేరే. యుద్ధం అయిపోయాక ఇంటికి వచ్చి కార్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు.

పోలీసులు చెప్పిన పేరు

షెడ్డు మీద వచ్చే డబ్బు చాలలేదు. సంసారం పెరిగింది. రాత్రిపూట దొంగ సారా రవాణా మొదలుపెట్టాడు. లైసెన్సు లేకుండా కాచిన సారాను కారులో వేసుకుని ఊళ్ళకు చేరవేసేవాడు. పోలీసులు వెంటపడితే దొరక్కుండా పోవాలి. అందుకని ఇంజను తనే విప్పి, తనే బిగించి, పోలీసు కారుకంటే జోరుగా పోయేట్టు తయారు చేసుకునేవాడు.

ఇది మంచిపని అని ఎవరూ అనరు. సారా ఎన్ని ఇళ్ళు కూలుస్తుందో ఈ పాఠం చదివేవారికి బాగా తెలుసు. కానీ ఆ రోజుల్లో పేరున్న పందెం డ్రైవర్లు, తెల్లవాళ్ళు కూడా, కొందరు ఈ దారినే వచ్చారు. 1949లో స్కాట్ ఒకసారి దొరికాడు. జైలుకు పంపలేదు. మూడేళ్ళపాటు నడవడిక మీద కన్నేసి ఉంచమని కోర్టు చెప్పింది.

ఊళ్ళో కార్ల పందేలు జరిగేవి. స్కాట్ చూడడానికి వెళ్ళేవాడు. అక్కడా నల్లవాళ్ళు కూర్చునే చోటు వేరే. ఆ మూల కూర్చుని, తోలుతున్న తెల్లవాళ్ళను చూసేవాడు. తనకూ తోలాలని ఉండేది. ఎవరు రానిస్తారు?

1952లో డాన్‌విల్ పందేలకు జనం తగ్గారు. నడిపేవాళ్ళకు ఒక ఉపాయం తోచింది. ఒక నల్లవాణ్ణి దింపితే వింతగా ఉంటుంది, జనం వస్తారు అనుకున్నారు. మరి జోరుగా తోలే నల్లవాడు ఎవరు? పోలీసులను అడిగారు. పోలీసులు వెంటనే చెప్పారు, స్కాట్ అని. ఎన్నిసార్లు తరిమారో! దొరికింది ఒక్కసారే. వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

1952 మే 23న స్కాట్ మొదటిసారి పందెంలో తోలాడు. చూసేవాళ్ళలో కొందరు వెక్కిరించి అరిచారు. కారు మధ్యలోనే ఆగిపోయింది. అయినా స్కాట్‌కు ఆ రోజే తెలిసిపోయింది, తన పని ఇదేనని. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్ళు దాటింది.

ఇవి ఏం కార్లు?

ఈ పందేన్ని 'స్టాక్ కారు' పందెం అంటారు. స్టాక్ అంటే కొట్టులో ఉన్న సరుకు. అంటే ఆ రోజుల్లో పందెం కోసం ప్రత్యేకంగా చేసిన కారు కాదు, కొట్టులో అమ్మే మామూలు కారు. దాన్నే మార్చుకునేవారు. డ్రైవరు సీటు తప్ప మిగతా సీట్లు పీకేసేవారు. ఇంజను బలం పెంచేవారు. కారు పల్టీ కొడితే డ్రైవరు నలిగిపోకుండా లోపల ఇనుప గొట్టాలు బిగించేవారు.

బాట కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఎప్పుడూ ఎడమ చేతి వైపుకే మలుపు. పచ్చ జెండా ఊపితే పందెం మొదలు. పసుపు జెండా ఊపితే ప్రమాదం జరిగిందని, మెల్లగా పొమ్మని గుర్తు. తెల్ల జెండా ఊపితే ఇంకొక్క చుట్టే ఉందని. నలుపు తెలుపు గళ్ళ జెండా ఊపితే పందెం అయిపోయిందని. ఆ గళ్ళ జెండా ముందుగా ఎవరికి ఊపితే వాళ్ళు గెలిచినట్టు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు అవసరం అవుతుంది.

ఈ పందేలు నడిపే సంఘాలు అప్పట్లో చాలా ఉండేవి. అన్నిటికంటే పెద్దది నాస్‌కార్. అది 1948లో మొదలైంది. పేరు రావాలన్నా, డబ్బు రావాలన్నా నాస్‌కార్‌లోనే తోలాలి.

వెళ్ళిపొమ్మన్నారు

మొదటి పందెం అయిన మర్నాడే స్కాట్ కారు బాగుచేసుకుని పక్క రాష్ట్రం వెళ్ళాడు. విన్‌స్టన్-సేలం ఊళ్ళో నాస్‌కార్ పందెం ఉంది. అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటికి వస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొద్దిరోజులకు ఇంకో ఊరు వెళ్ళాడు. అక్కడా కుదరదన్నారు. కావాలంటే కారు ఇచ్చి వెళ్ళు, తెల్లవాడు తోలతాడు అన్నారు. 

ఏడ్చి ఊరుకోలేదు. చిన్న సంఘాల పందేలకు వెళ్ళాడు. మొదటి పందెం ఆడిన 12 రోజులకే లించ్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక చిన్న పందెం గెలిచాడు. తర్వాత వరసగా గెలుస్తూ వచ్చాడు. కొందరు తెల్ల డ్రైవర్లు కావాలని ఆయన కారును గుద్దేవారు. కొందరు స్నేహితులయ్యారు. పోట్లాట వస్తే ఆయనకు అడ్డం నిలబడ్డ తెల్లవాళ్ళు కూడా ఉన్నారు. స్కాట్ మాత్రం చెయ్యి చేసుకునేవాడు కాదు. తను ఒక్క దెబ్బ కొడితే ఇక ఏ బాట మీదికీ రానివ్వరని తెలుసు.

కొంతకాలానికి రిచ్‌మండ్ ఊళ్ళో నాస్‌కార్ చిన్న పందెం జరుగుతుంటే వెళ్ళి లైసెన్సు అడిగాడు. అక్కడున్న అధికారి మైక్ పోస్టన్ పెద్ద హోదా ఉన్నవాడు కాదు. కానీ లైసెన్సు రాసిచ్చే అధికారం ఆయనకుంది. నల్ల డ్రైవర్లు ఇక్కడ ఎవరూ లేరు, నిన్ను బాగా గుద్దుతారు, తట్టుకుంటావా అని అడిగాడు. తట్టుకుంటానన్నాడు స్కాట్. పోస్టన్ రాసిచ్చాడు. పైవాళ్ళకు అది నచ్చలేదు. కానీ కాగితం మీద రాసింది రాసినట్టే.

ఇంకో సంగతి. ఒక ఊళ్ళో పందెం నడిపే ఆసామి డ్రైవర్లందరికీ పెట్రోలు ఖర్చు ఇచ్చాడు. స్కాట్‌కు మాత్రం ఇవ్వలేదు. స్కాట్ వెళ్ళి నాస్‌కార్ పెద్ద బిల్ ఫ్రాన్స్‌కు చెప్పాడు. ఫ్రాన్స్ జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. నువ్వు మా సభ్యుడివి, ఇకమీద సభ్యుడిలాగే చూస్తాం అని మాట ఇచ్చాడు. ఆ మాట ఎంతవరకు నిలిచిందో 1963లో తేలింది.

ఇల్లే జట్టు

1959లో వర్జీనియా రాష్ట్రంలో తన తరగతి కార్లలో స్కాట్ ఛాంపియన్ అయ్యాడు. 1961 మార్చి 4న నాస్‌కార్‌లో అన్నిటికంటే పై పందేలకు వచ్చాడు. అప్పుడు వాటిని 'గ్రాండ్ నేషనల్' అనేవారు. ఇక్కడ ఇబ్బంది ఇంకో రకం.

పెద్ద డ్రైవర్లకు కారు కంపెనీల అండ ఉండేది. కంపెనీలే కొత్త కార్లు, ఇంజన్లు ఇచ్చేవి. జీతాల మీద పనివాళ్ళు ఉండేవారు. స్కాట్‌కు అట్లాంటి కంపెనీ అండ దొరకలేదు. వాళ్ళు వాడి పక్కన పడేసిన టైర్లు కొనుక్కునేవాడు. పాత సామాను ఏరి ఇంజను కట్టుకునేవాడు.

పందెం జరుగుతుండగా కారు పక్కకు వచ్చి కాసేపు ఆగుతుంది. ఆ చోటును 'పిట్' అంటారు. అక్కడ టైర్లు మార్చాలి, పెట్రోలు పొయ్యాలి. అంతా క్షణాల మీద జరగాలి. ఒక మనిషి జాకీ ఎత్తుతాడు, ఒకడు టైరు విప్పుతాడు, ఒకడు పెట్రోలు పోస్తాడు. వరినాట్లలో ముఠా ఎట్లా చేస్తుందో అట్లా, ఎవరి పని వాళ్ళకు తెలిసి ఉండాలి. స్కాట్ పిట్‌లో ఎవరున్నారు? ఆయన కొడుకులు! వెండెల్ జూనియర్, ఫ్రాంక్. ఒక్కోసారి పని తెమలకపోతే స్కాటే కారు దిగి, రెంచి పట్టుకుని బాగుచేసుకుని, మళ్ళీ ఎక్కి తోలేవాడు. ఇంత పెద్ద పందేల్లో డ్రైవరు దిగి బోల్టులు బిగించడం అంటే నవ్వులాట అనిపిస్తుంది. అట్లా బిగించి కూడా ఆయన చాలాసార్లు మొదటి పదిమందిలో వచ్చాడు.

పందేనికి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం పోవాలి. వందల మైళ్ళ దారి. కారును వెనకాల కట్టి లాక్కుపోయేవారు. దారిలో హోటళ్ళలో తిండి దొరకదు. అందుకని ఇంటి దగ్గరే వండి కట్టుకునేవారు. గది దొరక్కపోతే బండిలోనే నిద్ర. ఆ వంట, ఆ మూటలు, ఇంట్లో పిల్లల ఆలనాపాలనా, అన్నీ మేరీ మీద పడేవి. వచ్చిన డబ్బు టైర్లకు పోను మిగిలిన దానితో ఇల్లు నడవాలి. స్కాట్ పేరు పుస్తకాల్లో ఉంది. మేరీ పేరు అంతగా కనపడదు. కానీ ఆ ఇల్లు నిలబడకపోతే కారు కదిలేది కాదు.

చంపుతామని బెదిరింపులు కూడా వచ్చేవి. అయినా వెళ్ళేవాడు.

1963 డిసెంబరు 1

ఆ సంవత్సరం అమెరికాలో నల్లవాళ్ళు హక్కుల కోసం గట్టిగా పోరాడుతున్నారు. స్కాట్ సొంత ఊరు డాన్‌విల్‌లో జూన్ 10 రాత్రి జైలు దగ్గర గుమిగూడి ప్రార్థన చేస్తున్నవారి మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. లాఠీలతో బాదారు. దెబ్బలు తిన్నవారిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వచ్చాడు. ఊరు అట్లా ఉడుకుతున్న ఏడాదిలోనే ఈ పందెం జరిగింది.

ఫ్లోరిడా రాష్ట్రంలో జాక్సన్‌విల్ అనే పట్నం ఉంది. 1963 డిసెంబరు 1, ఆదివారం. బాట మట్టి బాట. ఒక చుట్టు అర మైలు. అంటే సుమారు 800 మీటర్లు. మొత్తం 200 చుట్లు తిరగాలి. లెక్క కట్టండి. 100 మైళ్ళు. మన లెక్కలో 160 కిలోమీటర్లు. దాదాపు విజయవాడ నుంచి రాజమండ్రి దాకా అంత దూరం, ఒకే బాట మీద గుండ్రంగా తిరగడం.

స్కాట్‌ది సెకండ్ హ్యాండ్ షెవర్లే కారు. దాని మీద 34 నంబరు. తోటి డ్రైవర్లలో రిచర్డ్ పెట్టీ ఉన్నాడు. తర్వాత రోజుల్లో ఆయన ఈ పందేలన్నిటికీ రాజు అని పేరు తెచ్చుకున్నాడు. బక్ బేకర్ ఉన్నాడు. ఆయన అప్పటికే రెండుసార్లు ఛాంపియన్.

మట్టి బాట గతుకులు పడింది. కార్లు ఒక్కొక్కటే చెడుతున్నాయి. స్కాట్ కారును కాపాడుకుంటూ తోలాడు. సొంత డబ్బుతో కొన్న కారు గదా, విరగ్గొట్టుకుంటే ఇంకోటి రాదు. ఇంకా 25 చుట్లు ఉందనగా పెట్టీ కారు ఇబ్బంది పెట్టింది. స్కాట్ దాన్ని దాటి ముందుకు వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ను దాటలేదు.

200 చుట్లు అయిపోయాయి. స్కాట్ జెండా వైపు చూశాడు. గళ్ళ జెండా ఊపలేదు. ఇంకో చుట్టు తిరిగాడు. అప్పుడూ ఊపలేదు. మళ్ళీ తిరిగాడు. 202 చుట్లు అయ్యాయి. అప్పుడు గళ్ళ జెండా ఊపారు. ఊపింది స్కాట్‌కు కాదు, బక్ బేకర్‌కు!

బేకర్ గెలిచాడని మైకులో చెప్పారు. కప్పు బేకర్‌కు ఇచ్చారు. ఫోటోలు తీశారు. స్కాట్ ఊరుకోలేదు. చుట్ల లెక్క మళ్ళీ చూడమని అడిగాడు.

అప్పట్లో చుట్లు లెక్కపెట్టే మిషన్లు లేవు. మనుషులు కూర్చుని, కారు ముందు నుంచి పోయినప్పుడల్లా కాగితం మీద రాసేవారు. ఆ కాగితాలు తీసి చూశారు. సుమారు రెండు గంటలు పట్టింది. జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. అప్పుడు పెద్దలు ఒప్పుకున్నారు. గెలిచింది స్కాటే. బేకర్‌కంటే రెండు చుట్లు ముందున్నాడు. లెక్కలో పొరపాటు జరిగింది అన్నారు.

వెయ్యి డాలర్ల బహుమతి డబ్బు స్కాట్‌కు ఇచ్చారు. కప్పు మాత్రం లేదు. అది బేకర్‌తో వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టే జనం లేరు. ఫోటో తీసేవాళ్ళు లేరు. తర్వాత కొన్నాళ్ళకు ఒక చిన్న చెక్క బహుమతి ఇచ్చారు. కప్పు అని పేరే గానీ, అది ఆ రోజు ఇవ్వాల్సిన కప్పు కాదు.

లెక్క నిజంగానే తప్పిందా? ఒక చుట్టు తప్పిందంటే నమ్మవచ్చు. ముందున్న కారును, అదీ ఆ బాట మీద ఉన్న ఒకే ఒక్క నల్ల డ్రైవరు కారును, రెండు చుట్లపాటు ఎవరూ చూడలేదంటే నమ్మడం కష్టం. స్కాట్ దీనికి ఒక కారణం చెప్పేవాడు. గెలిచినవాడికి కప్పు ఇచ్చేటప్పుడు పక్కన ఒక అందాల రాణి నిలబడుతుంది. అతని బుగ్గ మీద ముద్దు పెడుతుంది. అది అక్కడి ఆనవాయితీ. ఒక తెల్ల పిల్ల అందరి ముందూ నల్లవాడికి ముద్దు పెట్టడం వాళ్ళకు ఇష్టం లేదు, అందుకే ఇట్లా చేశారు అనేవాడు. ఆ రోజుల్లో వర్జీనియాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పెళ్ళి చేసుకుంటే జైలు. ఆ చట్టాన్ని 1967లో గానీ సుప్రీం కోర్టు కొట్టివేయలేదు. కాబట్టి స్కాట్ మాటను తీసిపారేయడానికి లేదు.

తర్వాత పదేళ్ళు

1964లో కొత్త చట్టం వచ్చింది. హోటళ్ళలో, సినిమా హాళ్ళలో నల్లవాళ్ళను వేరుగా పెట్టడం చట్టవిరుద్ధం అయింది. చట్టం మారినంత తొందరగా మనుషులు మారలేదు. అయినా స్కాట్ తోలుతూనే ఉన్నాడు. 1966లో ఏడాది మొత్తం పాయింట్లు కలిపి చూస్తే ఆయనది ఆరో స్థానం. 1966 నుంచి 1969 దాకా నాలుగేళ్ళూ మొదటి పదిమందిలో ఉన్నాడు. కొత్త కారు లేకుండా, కంపెనీ అండ లేకుండా.

1973 మే నెలలో అలబామా రాష్ట్రంలోని టాలడేగా బాట మీద పెద్ద ప్రమాదం జరిగింది. చాలా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. స్కాట్ కారు నుజ్జు అయింది. అది అప్పు చేసి కొన్న కారు. ఆయన కటి ఎముక విరిగింది. పక్కటెముకలు విరిగాయి. కాలు విరిగింది. అప్పటికి ఆయన వయసు 51. కోలుకుని అదే ఏడాది అక్టోబరులో ఒక్క పందెం తోలాడు. అందులో 12వ స్థానం వచ్చింది. అంతటితో మానేశాడు.

పై తరగతి పందేల్లో ఆయన మొత్తం 495 సార్లు తోలాడు. 147 సార్లు మొదటి పదిమందిలో వచ్చాడు. గెలిచింది ఒక్కసారి. అదే జాక్సన్‌విల్.

ఆ తర్వాత డాన్‌విల్‌లో షెడ్డు పని చేసుకుంటూ బతికాడు. 1977లో ఆయన జీవితం మీద ఒక సినిమా వచ్చింది. తను మధ్యలో మానేసిన చదువు పిల్లలకు దక్కాలని ఆయన పట్టు. పిల్లలు కాలేజీలకు వెళ్ళి చదువుకున్నారు. 1990 డిసెంబరు 23న స్కాట్ వెన్ను క్యాన్సరుతో చనిపోయాడు. జాక్సన్‌విల్ కప్పు ఆయన బతికుండగా ఇంటికి రాలేదు.

కప్పు కోసం

ఇంటివాళ్ళు ఆ సంగతి వదల్లేదు. అడుగుతూనే ఉన్నారు. 2010లో జాక్సన్‌విల్ పట్నంలోని పందేల అభిమానులు తమ తరఫున ఒక కప్పు చేయించి ఇచ్చారు. అది మంచి మనసుతో ఇచ్చిందే. కానీ ఇవ్వాల్సింది నాస్‌కార్.

2013లో వర్జీనియా ప్రభుత్వం డాన్‌విల్‌లో ఆయన పేరుతో ఒక పలక నిలబెట్టింది. ఊళ్ళో ఒక రోడ్డుకు ఆయన పేరు ఉంది. 2015లో నాస్‌కార్ తన గొప్ప డ్రైవర్ల వరసలో ఆయన పేరు చేర్చింది. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతి డ్రైవరు ఆయనే. గౌరవం ఇచ్చారు, కప్పు మాత్రం ఇంకా ఇవ్వలేదు!

2021 ఆగస్టు 28న ఫ్లోరిడాలోని డేటోనా పందెం బాట దగ్గర, జనం చూస్తుండగా నాస్‌కార్ వెండెల్ స్కాట్ కుటుంబాన్ని పిలిచి 1963 పందెం కప్పు చేతికి ఇచ్చింది. ఒకప్పుడు పిట్‌లో టైర్లు మార్చిన ఫ్రాంక్ అప్పటికి ముసలివాడు అయ్యాడు. గెలిచిన రోజు నుంచి లెక్క పెడితే 58 ఏళ్ళు కావస్తోంది.

ఇంకో నెల గడిచింది. 2021 అక్టోబరు 4న టాలడేగాలో పందెం జరిగింది. స్కాట్ ఎముకలు విరిగిన బాట అదే. వాన రావడంతో పందెం మధ్యలో ఆపేశారు. అప్పటికి అందరికంటే ముందున్న డ్రైవరు బబ్బా వాలెస్. నల్లజాతి యువకుడు. స్కాట్ తర్వాత నాస్‌కార్ పై తరగతి పందెం గెలిచిన నల్లజాతి డ్రైవరు ఆయన ఒక్కడే. ఆయన గెలిచాడని ఆ రోజే చెప్పారు. కప్పు ఆ రోజే చేతికి ఇచ్చారు.

చదివి మాట్లాడుకోండి

1. ఒక చుట్టు అర మైలు అయితే 202 చుట్లకు ఎన్ని మైళ్ళు? స్కాట్ తిరగాల్సిన దానికంటే ఎంత దూరం ఎక్కువ తిరిగాడు?

2. స్కాట్ చుట్ల లెక్క మళ్ళీ చూడమని అడగకపోతే ఏం జరిగేది? ఆ కాగితాలు రాసి ఉండకపోతే ఏం జరిగేది?

3. మీ ఊళ్ళో పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయిన సంగతులు ఉన్నాయా? కూలి మస్టరులో, పొలం పట్టాలో, సంఘం పుస్తకంలో మీ పేరు, మీ లెక్క సరిగా ఉన్నాయా? ఎప్పుడైనా తెప్పించుకుని చదివారా?